రంగు ఆరని పేర్లు

గురువులు సరంగు అరిచి గోల చేసి ఉంటే కిందటి వారం ధనశ్రీకి అంత కష్టం తోచేది కాదు. ఆయన అరవలేదు. షాపు గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, నీ కంప్యూటర్లో ఎట్టమన్నావు, ఎట్టినాను. ఇప్పుడా జాగా ఉమామహేష్ సెట్టులో ఉంది. నా కళ్ళతో సూసొచ్చినాను" అని ఒక్క ముక్క చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఉమామహేష్ ధనశ్రీకి తోడబుట్టిన అన్న. అక్కడ ఆపాం.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవారికి కొంత చెప్పాలి. సముద్రం పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది గానీ చేప అన్నిచోట్లా ఉండదు. అడుగున బండలున్న చోట, ఏనాడో మునిగిన ఓడ పడి ఉన్న చోట అది కాపురం పెడుతుంది. అలాంటి జాగా ఒకటి దొరికిన సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, దాన్ని కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పడని ఫిషింగ్ హార్బర్లో అంటారు. వెనకటి రోజుల్లో కొండకీ లైట్‌హౌసుకీ గురి చూసుకుని ఆ జాగాకు చేరేవారు. ఇప్పుడు జీపీఎస్ సెట్టులో అంకెలుగా దాచుకుంటున్నారు. సెట్టులోకి ఉప్పునీళ్ళు దూరాయా, అంకెలన్నీ పోతాయి.

హార్బరు ఎదురుగా మేడమీద ఉన్న భ్రమరాంబ మెరైన్ ఎలక్ట్రానిక్స్‌లో సెట్టు విప్పేముందు ఆ అంకెలన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించి ఉంచేవారు. నోటుబుక్కు ఎవరైనా తిరగేయవచ్చు. ఆ షాపులో పనిచేస్తున్న ధనశ్రీ, తమ వీధిలో డిగ్రీ చదివిన మొదటి పిల్ల, ఆరునెలలు కూర్చుని ఇంటర్నెట్లో ఒక సైటు కట్టింది. అందులో ప్రతి బోటుకీ ఒక గది, ఆ గదికి ఒక పాస్‌వర్డు. పారాదీప్‌లో సెట్టు చెడినా, కాకినాడలో చెడినా, అక్కడే ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఎవరి గది వాళ్ళు తెరుచుకోవచ్చు. రెండువేల ఆరు వేసవిలో, వేట నిషేధం పుణ్యమా అని బోట్లన్నీ జెట్టీకి కట్టి ఉన్న రోజుల్లో, నలభైఒక్క బోట్లవాళ్ళు ఆమెను నమ్మి తమ జాగాలు ఆ గదుల్లో పెట్టారు. అందరికంటే ముందు నమ్మినవాడు గురువులు.

ఆ నమ్మకమే ఇప్పుడు మెట్లు దిగిపోయింది.

మే ముప్పయ్యో తారీఖు పొద్దున్న తొమ్మిది కాకుండానే ఎనిమిదిమంది ఓనర్లు షాపులో చేరారు. ఇంకో రెండు రోజుల్లో నిషేధం ఎత్తేస్తారు, బోట్లు దిగుతాయి. ఈలోగా తమ జాగాలు చెరిపించుకుని పోదామని వాళ్ళ ఉద్దేశం. మిగతా వాళ్ళు కూడా వీళ్ళు ఏం తేలుస్తారో చూసి అదే చేస్తామన్నారు. షాపు యజమాని భీమశంకరరావు బందరు వైపు నుంచి పోర్టు వైర్‌లెస్‌లో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఈ షాపు పెట్టుకుని, దానికి భార్య పేరు పెట్టుకున్న మనిషి. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఒకటే మాట చెప్పాడు. భోజనాల వేళ దాకా అమ్మాయి చెప్పేది వినండి, అప్పటికీ మనసు కుదరకపోతే ఆ సైటు నా చేత్తోనే మూసేస్తాను అని.

ధనశ్రీ ఆయన వంక చూడలేదు. మూసేస్తాననడం ఆయన ధర్మం. మూయకుండా నిలబెట్టుకోవడం తన పని.

అందరిలోకీ గొంతు పెద్దది వరహాలుది. ఆయనకు మూడు బోట్లు. గురువులు నడిపేది అందులో ఒకటి. స్టూలు మీద కాళ్ళు దూరంగా చాపి కూర్చుని, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు.

"అన్నది బోటు, సెల్లిది కంప్యూటరు. మజ్జిన మా జాగాలు. ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, మనమెంత?"

"నోరు జారకు వరహాలూ. ఆ అమ్మాయి నా షాపు మనిషి" అన్నాడు భీమశంకరరావు.

"మీ షాపు మనిషే రావుగారూ. కాదన్నానేటి? ఇంటిదొంగే అన్నాను."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు ధనశ్రీకి తగిలింది గానీ, తగిలినట్టు తెలియనివ్వలేదు. అన్నని అడుగుదామంటే అతను వలలు కొనడానికి కాకినాడ వెళ్ళి ఇంకా రాలేదు, ఫోను తీయడం లేదు. అందుకని నిన్న రోజంతా కూర్చుని తీసిన కాగితం ఒకటి బల్లమీద పరిచింది. ఏ గది ఎప్పుడు తెరుచుకున్నదీ, ఎక్కడినుంచి తెరిచిందీ సైటు తనంతట తనే రాసిపెట్టుకుంటుంది. ఆ లెక్కన గురువులు గది కిందటి మంగళవారం పొద్దున్న పదకొండూ పదికి తెరుచుకుంది. ఈ షాపు నుంచి కాదు. హార్బరు గేటు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్ నుంచి. మంగళవారం గురువులు తన మనవరాలికి చెవులు కుట్టించడానికి కంచరపాలెం వెళ్ళాడని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఇంటర్నెట్ సెంటర్ వాణ్ణి అడిగితే, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోలేదన్నాడు.

"తాళం పగలగొట్టలేదు" అంది ధనశ్రీ. "ఒక్కసారికే సరైన పాస్‌వర్డు కొట్టారు. తాళంచెవితో తీశారు."

"ఆ తాళంచెవులన్నీ నీ కాడే కదా ఉంటాయి."

"ఉండవు మావా."

నలభైఒక్క పాస్‌వర్డులూ ఆ పెట్టెలో ఉండగా ఉండవంటావేమిటని వరహాలు గొంతు పెంచాడు. ధనశ్రీ ఒక్క క్షణం ఆలోచించింది. కాలేజీలో చెప్పిన మాటలు ఇక్కడ పనికిరావు.

"మీ ఇంట్లో బియ్యం పిండి పట్టిస్తారు కదా. ఆ పిండిలోంచి మళ్ళీ బియ్యం తీయగలరా? ఇదీ అంతే. మీరు కొట్టిన మాటని సైటు పిండి చేసి ఆ పిండినే దాస్తుంది. మళ్ళీ మీరొచ్చి అవే బియ్యం పోస్తే అదే పిండి వస్తుంది, తలుపు తెరుస్తుంది. పిండి నా దగ్గరుంది. బియ్యం లేదు. మీరు పాస్‌వర్డు కొట్టేటప్పుడు నేను గోడవైపు తిరిగి నిలబడేదాన్ని, గుర్తుందా?"

గుర్తుంది. ఆ పిల్ల గోడవైపు తిరిగి నిలబడితే, అక్షరాలు వెతుక్కోలేక ఒంటివేలితో పావుగంట కొట్టుకున్నవాళ్ళు ఆ ఎనిమిదిమందిలో నలుగురున్నారు. వాళ్ళు తలలూపారు. వరహాలు మాత్రం తగ్గలేదు. తనకి పిండి తెలియదు, మిల్లు తెలియదు, జాగా పోయిందన్నది తెలుసు, అది ఈ పిల్ల అన్నకే చేరిందన్నది తెలుసు. వేరే వాడెవడికో ఆ మాట ఎలా తెలుస్తుందో చెప్పమన్నాడు.

ధనశ్రీ లేచి వెళ్ళి వీధివైపు కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

మేడమీంచి చూస్తే జెట్టీ మొత్తం కనిపిస్తుంది. నిషేధం రోజుల్లో ఏ బోటుకైనా కొత్త రంగు వేయాల్సిందే. నీలం, ఎరుపు, ఆకుపచ్చ బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని నుదుట పేరు, పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో, మూరెడేసి అక్షరాలు. కొన్నింటికి ఇంకా రంగు ఆరలేదు. గాలికి ఆ వాసన షాపులోకి వచ్చింది.

"మావా, మీ మరిడిమాంబ బోటు గది మీరే తెరుస్తారు కదా. ఆ గది నేను తెరవనా? మీరు సరేనంటేనే."

"తెరువు, సూద్దాం" అన్నాడు వరహాలు, మిగతావాళ్ళ వంక చూసి కన్నుగీటి.

ఆమె కంప్యూటరు తెరను గోడవైపుకు తిప్పింది. లోపలి అంకెలు ఇంకెవరి కంటా పడకూడదు గనక వరహాలు ఒక్కణ్ణే పక్కకు పిలిచింది. తర్వాత కిటికీలోంచి ఆయన బోటు వైపు చూసి, నుదుట ఉన్న అక్షరాలు అటు చూస్తూ ఇటు కొట్టింది.

వరహాలు ముఖంలో కన్ను ఇంకా గీటినట్టే ఉండిపోయింది. తెరమీద తన జాగాలు పదిహేడూ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"మూసీ. మూసీయమ్మా" అన్నాడు, చాలా మెల్లగా.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఒక్కొక్కరినీ అడిగి, కిటికీలోంచి వాళ్ళ బోటు చూసి, చూసినదే కొట్టింది. ఏడుగురివి తెరుచుకున్నాయి. ఎనిమిదో ఆయనది మాత్రం ఎన్ని విధాల కొట్టినా తెరుచుకోలేదు. తన కూతురు పెట్టిందని, అందులో అంకెలూ చుక్కలూ కూడా ఉన్నాయని, తనకే నోరు తిరగదని ఆయన చెప్పుకొచ్చాడు. ఆ రోజుకు ఆ హార్బర్లో ఆయనంత గర్వం ఉన్నవాడు లేడు.

ఇది తెలివితక్కువ పొరపాటు కాదు. ఆ జెట్టీ మీద బోటు పేరు అంటే పేరు కాదు, కాపలా. దాన్ని తలవకుండా తాడు విప్పరు. తుపానులో ఇంజిను ఆగిపోతే ఆ పేరే పిలుస్తారు. మీకు మరిచిపోని మాట ఒకటి పెట్టుకోండి అని ఒక చదువుకున్న పిల్ల అడిగితే, వాళ్ళు ఇంకే మాట పెడతారు?

మూలన కూర్చున్న ముసలి ఓనరొకాయన ఆ మాటే అడిగాడు. "సముద్రంలో కాసిన తల్లి కంప్యూటర్లో కాయదేటమ్మా?"

"కాస్తుంది తాతా. కానీ తల్లి పేరు మనమే బోటు నుదుట మూరెడు అక్షరాలతో రాసి నిలబెట్టాం. దొంగక్కూడా చదువొచ్చు కదా." ధనశ్రీ అక్కడితో ఆగలేదు. మంచినీళ్ళు ఒక గుక్క తాగి, అందరికీ వినబడేలా అంది. "తప్పు మీది కాదు. నాది. మరిచిపోని మాట పెట్టుకోమన్నాను. ఎవరికీ తెలియని మాట అని చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇవాళ ఇంతమంది ఇక్కడ కూర్చునేవారు కాదు."

చదువుకున్నవాళ్ళు తప్పు ఒప్పుకోవడం ఆ షాపులో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. భీమశంకరరావు కళ్ళజోడు మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు, అది శుభ్రంగానే ఉన్నా.

అప్పుడు చూసింది ధనశ్రీ, గుమ్మం బయట వరండాలో గురువులు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆయన గదిని గొడవ తెలిసిన రోజే ఆమె పూర్తిగా మూసేసింది, ఇప్పుడు కొట్టి చూసే వీల్లేదు.

"చిన్నాన్నా, మీరూ బోటు పేరే పెట్టారా?"

గురువులు ఆమెను చూశాడు. కిటికీలోంచి బోట్లను చూశాడు. ఆ తర్వాత తలూపాడు.

"అయితే ఇంకేటి? ఎవడైనా తీయొచ్చు" అన్నారు ఇద్దరు ఒకేసారి. షాపులో గాలి ఒక్కసారి తేలికైంది.

ఆ తేలికలో పని అయిపోయిందనుకుంటే ధనశ్రీ ధనశ్రీ కాదు. ఇవాళే అందరి మాటలూ మార్చాలంది. బోటు పేరుగానీ, అమ్మవారి పేరుగానీ, పిల్లల పేర్లుగానీ సైటు ఇకమీదట తీసుకోదు. మూడుసార్లు తప్పు కొడితే ఆ రోజుకి గది తెరుచుకోదు. గది తెరిచిన ప్రతిసారీ ఎప్పుడు, ఎక్కడినుంచి అన్నది ఆ బోటువాళ్ళే చూసుకోవచ్చు. అంతదాకా అందరూ తలూపారు. మరి ఆ మాట ఎవరి దగ్గర ఉండాలి అన్న దగ్గర వరహాలు మళ్ళీ లేచాడు.

బోటు తనది, సెట్టు తనది, డీజిలు తనది. అలాంటప్పుడు గురువులు గది తాళంచెవి గురువులు చేతిలో ఎందుకు పెట్టావని అడిగాడు. రేపు సరంగు బోటు మారిపోతే జాగాలు కూడా పట్టుకుపోడా?

గురువులు వరండాలోంచే జవాబు చెప్పాడు. గొంతు పెద్దది చేయలేదు.

"బోటు నీదే బాబూ. కాదన్నోడు లేడు. ఆ బండ కాడ నీ వల సిరిగితే నువ్వు కొత్త వల కొన్నావు. నాను మూడు రాత్రులు కళ్ళు మూయకుండా దాని సుట్టూ తిరిగి, ఏ పక్కనుంచి లాగితే సిరగదో సూసుకున్నాను. ఆ సూసుకున్నది నీ డీజిల్లో ఉందా, నా కళ్ళల్లో ఉందా?"

"నీ కళ్ళు నా బోటెక్కితేనే కదా సూసినాయి."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అదే చిక్కు. సైటు కట్టినప్పుడు, ఎవరు ముందు షాపుకొస్తే వాళ్ళ చేతిలో పాస్‌వర్డు పెట్టేసి ఈ చిక్కు దాటేశాననుకుంది ధనశ్రీ. దాటలేదు, పక్కకు జరిపింది.

"రెండు మాటలు పెడదాం" అంది. "ఓనరుది ఒకటి, సరంగుది ఒకటి. ఒకరిది ఇంకొకరికి తెలియదు. రెండూ పడితేనే గది తెరుచుకుంటుంది. పారాదీప్‌లో సెట్టు చెడితే సరంగు తన మాట కొడతాడు, ఓనరు ఇక్కడ తన మాట కొడతాడు. ఒక్కడి వల్లా కాదు. రేపు మధ్యాహ్నానికి తయారుచేస్తాను."

"ఒకడు సచ్చిపోతే?" అన్నాడు వరహాలు. హాస్యానికి అనలేదు.

"ఇంట్లో వాళ్ళెవరో ముందే రాసి ఇవ్వండి. వాళ్ళకి వెళ్తుంది."

ఆ జవాబు ఆమె నోటికి తడుముకోకుండా వచ్చింది. సాయంత్రానికి అదే మాట తనకు ఎదురు తిరుగుతుందని అప్పుడు తెలియదు.

వరహాలు గెడ్డం గోక్కున్నాడు. బోటు వ్యాపారంలో ఇద్దరి చేతులూ ఒకే తాడు మీద ఉండటం ఆయనకు కొత్త కాదు. సరే అనలేదు గానీ కాదనీ అనలేదు. బదులుగా ఇంకోటి అడిగాడు. మాటలు మార్చడం బాగానే ఉంది, జరిగినదాని సంగతేమిటి? మంగళవారం ఆ గది తీసినవాడెవడు?

"అది కూడా తేలుస్తాను."

"తేలితే?"

గోడకు ఒక నల్లబోర్డు ఉంది. ఏ బోటు సెట్టు బాగై సిద్ధంగా ఉందో రోజూ దానిమీదే రాస్తారు. హార్బరంతా మెట్లెక్కి వచ్చి చదువుకుపోయే బోర్డు. ధనశ్రీ సుద్దముక్క తీసుకుని దాని అడుగున ఒక గీత గీసింది. గీత పైన జాగా ఖాళీగా వదిలింది.

"గది తీసినవాళ్ళ పేరు ఇక్కడ రాస్తాను. వాళ్ళకి మాట అందించినవాళ్ళుంటే ఆ పేరు కూడా. చదువుకోడానికి అందరూ రండి."

"మీ అన్నదైనా?"

"మా యన్నదైనా రాత్తాను, మావా."

పొద్దుట్నుంచీ షాపు భాషలో మాట్లాడుతున్న పిల్ల నోట జెట్టీ మాట అలా జారి పడేసరికి, అది ఒట్టుకంటే గట్టిగా వినిపించింది. వరహాలు స్టూలు మీంచి లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "అయితే ఇక్కడే ఉంటాం" అన్నాడు. జాగాలు చెరపమని మళ్ళీ ఎవరూ అనలేదు. భోజనాల వేళ దాటింది గానీ భీమశంకరరావు గడియారం వైపు చూడలేదు.

మధ్యాహ్నమంతా మాటలు మార్చడంతోనే సరిపోయింది. కబురు తెలిసి మిగతా బోట్లవాళ్ళు కూడా మెట్లమీద వరసకట్టారు. కొందరు పిల్లల్ని తోడు తెచ్చుకున్నారు. ఎనిమిదో ఓనరు తన కూతుర్నే పిలిపించాడు, ఆ అమ్మాయి అడిగినవాళ్ళందరికీ ఎలాంటి మాట పెట్టుకోవాలో వరండాలో కూర్చుని పాఠం చెప్పింది. ధనశ్రీ ఒక్కొక్కరు కొడుతున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడింది. గోడమీద ఉన్న కేలండరులో అక్షరాలన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి.

మూడున్నర దాటాక వరస పలచబడింది. వరహాలు, ఇంకో ముగ్గురు లోపల టీ తాగుతున్నారు. గురువులు వరండా చివరనుంచి చెయ్యూపి పిలిచాడు. ఆమె వెళ్ళేసరికి ఆయన మెట్లు సగం దిగి ఉన్నాడు. ఇంకా కిందికి రమ్మన్నాడు. మెట్ల కింద, ఐసు బళ్ళు తిరిగే చోట ఆగాడు.

"లోపల నాను అబద్ధమాడినాను తల్లీ."

ధనశ్రీకి అర్థం కాలేదు.

"నాను బోటు పేరు ఎట్టలేదు. నీ మీద ఆళ్ళ నోరు ఆగుతాదని తలూపినాను. నాది ఏరే మాట."

పొద్దున్నుంచీ ధనశ్రీ కట్టిన వంతెన, ఇంతమందిని నడిపించిన వంతెన, ఒడ్డుకి ఒక్క అడుగు దూరంలో ఆగిపోయింది. మిగతా వాళ్ళ గదులు పొద్దుటిదాకా ఎవరైనా తీయగలిగేవే. దొంగ తీసిన గది మాత్రం అలా తీసేది కాదు.

గురువులు చెప్పుకొచ్చాడు. ఇప్పుడు పోయిన జాగా ఆ బండే. దాన్ని పద్దెనిమిదేళ్ళ కిందట పట్టింది తానొక్కడే కాదు. అప్పట్లో తనతో ఒకే బోటెక్కేవాడు నూకయ్య, ధనశ్రీ తండ్రి, అయిదేళ్ళ కిందట కామెర్లతో పోయిన మనిషి. ఆ బండకి తగిలి వల చిరిగినప్పుడల్లా వలలు కుట్టే కాసులమ్మకి చేతినిండా పని. అందుకని ఇద్దరూ నవ్వుకుని ఆ చోటుకి కాసులమ్మిల్లు అని పేరు పెట్టుకున్నారు. నలుగురిలో ఉన్నా సరే, ఈయేల కాసులమ్మింటికి ఎల్దామా అంటే ఇద్దరికీ తెలుసు, మూడోవాడికి తెలియదు. నూకయ్య పోయాక ఆ పేరు నోటితో అనడానికి గురువులుకి ఇంకో మనిషి లేడు. అదే పాస్‌వర్డుగా పెట్టుకున్నాడు. గది తెరిచినప్పుడల్లా స్నేహితుణ్ణి ఒకసారి పిలిచినట్టుంటుందని.

"అయితే ఆ మాట మీకు తప్ప ఎవరికీ తెలియదు కదా చిన్నాన్నా."

గురువులు ఆమె ముఖంలోకి చూడలేదు. కొత్త రంగు బోట్ల వైపు చూస్తూ అన్నాడు. "సరంగన్నోడు పెళ్ళానికి కూడా సెప్పడంటారు. మీ నాయన అలగ కాదు. ఆడి నోట్లో మాట ఇంటికెల్లేదాకే ఆగేది."

ఇంకేం చెప్పకుండా ఆయన జెట్టీ వైపు నడిచి వెళ్ళిపోయాడు.

నాలుగు గంటలకి గాజువాక నుంచి షేర్ ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. అందులోంచి ఎండుచేపల తట్ట దించుకుని, రోజూలాగే, కూతురితో కలిసి ఇంటికి వెళ్ళడానికి షాపు వైపు వచ్చింది ధనశ్రీ తల్లి గంగాలమ్మ. తట్ట ఖాళీ. నడకలో తొందర లేదు. మెట్ల కింద కూతురు నిలబడి ఉండటం చూసి, ఎండలో నిలబడ్డావేమని అడగబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది.

"అమ్మా, కాసులమ్మిల్లు అంటే ఏటి?"

గంగాలమ్మ తట్ట చంకలో సర్దుకుంది. తెలియదనలేదు. ఎవరు చెప్పారని అడగలేదు.

"అన్నకి నువ్వే చెప్పావా?"

"గురువులు ఏ మాట ఎట్టుంటాడని అడిగినాడు. ఇంకే మాట ఎడతాడు, అదే సెప్పినాను."

"ఎందుకడుగుతన్నాడో తెలిసే చెప్పావా?"

"తెలిసే." ఆమె కళ్ళు కిందికి వాలలేదు. ఎన్నో ఏళ్ళుగా లోపల కుట్టుకుంటూ వచ్చినది ఇప్పుడు విప్పుతున్నట్టు, నిదానంగా అంది. "మీ నాయన, గురువులు కలిసి పట్టినారు ఆ బండని. మీ నాయన సచ్చిపోతే ఆడి కళ్ళు కూడా మట్టిలో కలిసిపోనాయా? అయిదేళ్ళు గురువులు ఒక్కడే తిన్నాడు. నాను నోరెత్తినానేటి? అప్పుడు మీ అన్న ఎల్డింగు పని అన్నాడు, సముద్రం వొద్దన్నాడు, పోనీ అనుకున్నాను. ఈ ఏడే సరంగయినాడు. మొదటి వేటకి ఉత్త సేతుల్తో పంపమంటావా? నా కొడుకు ఆడి నాయన సొత్తు తీసుకున్నాడు. అది దొంగతనం ఎలగవుద్ది? నువ్వు సదువుకున్నావు, సెప్పు."

ఒకడు చచ్చిపోతే ఇంట్లోవాళ్ళకి వెళ్తుంది. అది పొద్దున్న ధనశ్రీ అన్న మాటే. తల్లి చెప్పినదాంట్లో న్యాయం ఉంది. తల్లి చేసినదాంట్లో లేదు. రెండింటినీ ఒక సుద్దముక్కతో ఒక గీతమీద ఎలా రాయాలి?

పైనుంచి వరండా కమ్మీకి ఆనుకుని వరహాలు తొంగిచూశాడు.

"ధనమ్మా, గీత గీసి ఒగ్గీసినావు. పేరెప్పుడు రాత్తావు? సీకటి పడకముందే సూసుకుని ఎల్దామని కూకున్నాం."

గంగాలమ్మకి చదువు రాదు. తల పైకెత్తి వరహాలుని చూసింది, తర్వాత కూతుర్ని చూసింది.

"ఏ పేరే?"

ధనశ్రీ వేళ్ళకి పొద్దుటి సుద్దపొడి ఇంకా అంటుకునే ఉంది. చున్నీకి తుడుచుకోబోయి మానేసింది. ఇల్లు ఎడమవైపు, మెట్లు కుడివైపు. ఇప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఎడమకి తిరిగితే అడిగేవాడు లేడు. గురువులు నోరు విప్పడు. బోటు పేరే దొంగకి దారిచ్చిందని హార్బరంతా నమ్మేసింది, నమ్మి బోట్లవాళ్ళు మాటలు మార్చుకున్నారు కూడా. ఆ గీత రెండ్రోజుల్లో ఎవరి మోచేయో తగిలి చెరిగిపోతుంది.

ఆమె తల్లి చంకలోంచి తట్ట తీసి తన చేతిలోకి తీసుకుంది.

"పైకి రా అమ్మా. ఇప్పుడు నాతో అన్నావు కదా, ఆ మాటలన్నీ ఆళ్ళ ముందు కూడా అను. గురువులు సిన్నాన్నకి కబురెడతాను. అన్న పేరూ నీ పేరూ మాత్రం నాను రాత్తాను."

అని మొదటి మెట్టు ఎక్కి వెనక్కి చూసింది. గంగాలమ్మ కదలకుండా నిలబడి, పైన కమ్మీ దగ్గర ఒకరి తర్వాత ఒకరు చేరుతున్న తలల్ని లెక్కపెట్టినట్టు చూసింది. ఆ తర్వాత కొంగు నడుముకి చుట్టి గట్టిగా దోపింది.